అన్నానికి మారు వెతకొద్దు, కూరను పెంచండి

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. వయసు 44. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. షుగర్ బయటపడి నాలుగేళ్లయింది. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోళీ ఒకటి, బీపీకి ఇంకొకటి వేసుకుంటాను. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. బరువు 81 కిలోలు. మా స్కూల్లో ఒకావిడ అన్నం మానేసి, కొవ్వు ఎక్కువగా తినే డైట్ చేసి బాగా తగ్గింది. ఆమెను చూసి నేనూ రెండు వారాల కింద మొదలుపెట్టాను. పొద్దున టిఫిన్ బదులు టీలో కొబ్బరినూనె, రెండు పూటలా అన్నం బదులు కాలీఫ్లవర్ తురుము. ఆ నూనె వాసనకే కడుపులో తిప్పుతోంది. కాలీఫ్లవర్ చూస్తేనే విసుగొస్తోంది. బాదం పిండితో రొట్టెలు చేసుకొమ్మంటున్నారు, ఆ ధరకు మా ఇంట్లో కుదరదు. ఇంట్లో ఐదుగురికి ఒక వంట, నాకొక వంట చేయలేకపోతున్నాను. జొన్న రొట్టె, కొర్రలు తినొచ్చని కొందరు, వద్దని కొందరు. అన్నిటికన్నా సర్వపిండి మీదకు మనసు పోతోంది. పదకొండు గంటలకు క్లాసులో చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. మా అత్తమ్మేమో "బుక్కెడు అన్నం తినకుంటే పానం ఎట్లుంటది బిడ్డా, వేడి చేసింది" అంటుంది. పదో తరగతి చదివే మా బిడ్డ కూడా నాతోపాటు ఈ డైట్ చేస్తానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక చెల్లె, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, సర్వపిండి దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు ఆ వణుకు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే.

అది వేడి కాదు, షుగర్ పడిపోవడం లాగా ఉంది. గ్లిమెపిరైడ్ మీరు ఏం తిన్నారో చూడదు. క్లోమాన్ని పట్టుకుని ఇన్సులిన్ బయటికి తెప్పిస్తుంది, అంతే. ఇన్నాళ్లూ పొద్దున నాలుగు ఇడ్లీలు తినేవారు కాబట్టి దానికి పని ఉండేది. ఇప్పుడు ఇడ్లీలు పోయాయి, గోళీ మాత్రం అదే ఉంది. మళ్లీ వణుకు వస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. మీటర్ దగ్గర లేకపోతే ముందు చక్కెర నీళ్లు తాగండి, లెక్క తర్వాత. చాక్లెట్, పల్లిపట్టీ లాంటివి ఆ టైంలో పనికిరావు. వాటిలో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్కూలు బ్యాగులో గ్లూకోజ్ పొట్లం ఒకటి పెట్టుకోండి, పక్క క్లాసు టీచరమ్మకు కూడా విషయం చెప్పి ఉంచండి.

ఈ వారంలోనే మీ డాక్టరు దగ్గరికి వెళ్లి, "నేను అన్నం తగ్గించాను, గోళీ డోసు మార్చాలా" అని అడగండి. మీ అంతట మీరు గోళీ మానేయొద్దు, తిండి తగ్గించి పాత డోసే కొనసాగించొద్దు. అపాయింట్‌మెంట్ దొరికేదాకా పొద్దున రెండు ఇడ్లీలో ఒక రొట్టెనో తిని గోళీ వేసుకోండి. బీపీ గోళీ గురించి కూడా అడగాలి. పిండి పదార్థం తగ్గిస్తే మొదటి వారాల్లో ఒంట్లోంచి ఉప్పూ నీళ్లూ బాగా పోతాయి, బీపీ దిగుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత భయం ఉండదు. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ డైట్ సొంతంగా మొదలుపెట్టొద్దు. గోళీ పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉన్నవాళ్లు, అంటే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. ఆ గోళీతో పాటు పిండి పదార్థం బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు మీటర్లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కూడా కనిపించకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికే. కిడ్నీ జబ్బు, క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దు.

ఇక కొబ్బరినూనె టీ ఇవాళే మానేయండి. కొవ్వు ఎక్కువ తినమన్నారంటే దాన్ని మందులా తాగమని కాదు. అన్నం తీసేసిన చోట ఆకలి ఆగాలి కాబట్టి కూరలో నూనె, నెయ్యి, గుడ్డు పచ్చసొన, పల్లీలు, నువ్వులు కొంచెం ఎక్కువ పడనివ్వడం, అంతవరకే. మీరు తగ్గాల్సిన మనిషి. వాడాల్సిన కొవ్వు మీ ఒంట్లోనే ఉంది, పైనుంచి గ్లాసుతో పోయక్కర్లేదు. పైగా కొబ్బరినూనెలో ఎనభై శాతానికి పైగా సంతృప్త కొవ్వే. కొందరికి దానితో చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. మన వైపు గానుగ పట్టిన పల్లినూనె, నువ్వులనూనె దొరుకుతుండగా వాసన పడని నూనెతో కుస్తీ ఎందుకు?

ఎంత తగ్గించాలి? తెలుగు రాష్ట్రాల్లో ఈ డైట్ అంటే చాలామందికి నూనె, నిమ్మకాయ నీళ్ల మీద ఉండే కఠినమైన పద్ధతే గుర్తుకొస్తుంది. రోజుకు 20, 30 గ్రాముల పిండి పదార్థంతో గడిపే ఆ పద్ధతి మీకు అక్కర్లేదని నా అభిప్రాయం. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మనం కంచం నిండా పెట్టుకునే అన్నం 300 గ్రాములు దాటుతుంది, అంటే పూటకు 85 దాకా. రెండు పూటలా అన్నం, పొద్దున ఇడ్లీలు, చక్కెర టీలు, సాయంత్రం మురుకులు కలిపితే 250, 300 సులువుగా అవుతుంది. రోజుకు 130 గ్రాముల లోపు ఉంటేనే దాన్ని తక్కువ పిండి పదార్థమున్న తిండి అంటారు. మీరు 100 దగ్గర ఆగండి. గోళీల డోసు కుదిరి, షుగర్ దిగడం మొదలయ్యాక ఇంకా తగ్గించాలో లేదో చూద్దాం.

ఈ లెక్కతోనే జొన్న రొట్టె తగువు తీరిపోతుంది. తినొచ్చన్నవాళ్లూ పూర్తిగా తప్పు కాదు, వద్దన్నవాళ్లూ కాదు. జొన్నపిండి 100 గ్రాముల్లో దాదాపు 70 గ్రాములు పిండి పదార్థమే. ఒక మోస్తరు రొట్టెకు 50 గ్రాముల పిండి పడుతుంది, అంటే 35. పీచు ఉంది కాబట్టి తెల్లన్నం కన్నా నయం. కానీ "షుగర్‌కు మంచిదట" అని మూడు రొట్టెలు తింటే కంచం అన్నం కన్నా ఎక్కువే తిన్నట్టు. కొర్రలు, రాగులు, గోధుమలు, మక్క గటక, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. 2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ అధ్యయనం చెప్పింది కూడా ఇదే. మన దేశంలో మనిషికి వచ్చే శక్తిలో 62 శాతం పిండి పదార్థం నుంచే వస్తోంది. మొత్తం తగ్గించకుండా బియ్యం తీసి గోధుమనో చిరుధాన్యాన్నో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గడం లేదు. కాబట్టి రోజుకు ఒక రొట్టె, మధ్యాహ్నం. మీ వందలో దానికి చోటుంది.

కాలీఫ్లవర్ మీద మీకు విసుగు రావడంలో వింతేమీ లేదు. అది అన్నంలా కనిపిస్తుంది తప్ప అన్నంలా ఉండదు. పచ్చిపులుసు పోసుకుంటే నీళ్లలో తేలుతుంది, పప్పు కలిపితే ముద్ద కాదు. పులిహోర పోపు వేసి నిమ్మకాయ పిండుకుంటే బాగుంటుంది, గుడ్డు కొట్టి ఫ్రైడ్ రైస్ లాగా చేసుకున్నా బాగుంటుంది. తురుమును ఉడకబెట్టకుండా వెడల్పాటి మూకుట్లో పెద్ద మంట మీద తడి ఆరేదాకా వేయించాలి, అంతే. వారానికి ఒకసారి చాలు. రెండు పూటలా అన్నానికి మారు వెతకడమే ఈ డైట్‌లో మనుషులను అలసగొట్టేది. మారు వెతకొద్దు, కూరను పెంచండి. గరిటెడు వేసుకునే కూరను గిన్నెడు వేసుకోండి. బీరకాయ, సొరకాయ, వంకాయ, బెండకాయ, దోసకాయ, క్యాబేజీ, తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర, వీటిలో వేటికీ మీరు లెక్క రాసుకోనక్కర్లేదు. ఆలుగడ్డ, చామగడ్డ, కంద, మక్కకంకి మాత్రం కూరగాయలు కావు, అన్నం కింద రాసుకోండి.

అయితే కూర పెంచండి అని చెప్పి వదిలేస్తే మీరు రెండో రోజే మానేస్తారు. మన కూర అన్నంలో కలుపుకోవడానికి చేసింది. ఉప్పూ కారం ఆ లెక్కనే పడతాయి. ఓరుగల్లు వంకాయ కూర ఒక గిన్నెడు ఉత్తదే తిని చూడండి, కడుపు భగ్గుమంటుంది. మీకు బీపీ కూడా ఉంది, అంత ఉప్పు మంచిది కాదు. అందుకని ఇలా చేయండి. ముక్క ఉడికాక, ఉప్పూ కారం సగం వేసిన దగ్గర ఆపి మీ వాటా ఇంకో గిన్నెలోకి తీసేయండి. మిగతా దాంట్లో ఇంటివాళ్లకు సరిపడా వేసేయండి. మీ గిన్నెలో రెండు చెంచాల పల్లిపొడి గానీ నువ్వుల పొడి గానీ పచ్చికొబ్బరి తురుము గానీ కలిపి, పైన ఒక చెంచా నెయ్యి వేసి ఐదు నిమిషాలు మూత పెట్టండి. కారం మెత్తబడుతుంది, కూర చిక్కబడుతుంది, కడుపు నిలుస్తుంది. రెండు వంటల గొడవ కూడా దీంతోనే పోతుంది, ఒకే వంట రెండు గిన్నెల్లోకి వెళ్తుంది. మీ గిన్నె వరకు చపాటా మిర్చి కారం వాడుకోండి. వరంగల్ చపాటాకు 2025లో జీఐ ట్యాగ్ వచ్చింది గానీ మన ఇళ్లలో దాని గుణం ఎప్పటి నుంచో తెలుసు కదా, రంగు ఎక్కువ, కారం తక్కువ.

చింతపండు గురించి మీరు అడగలేదు, కానీ చాలామంది అడుగుతారు. దానిలో పిండి పదార్థం ఎక్కువన్న మాట నిజమే, 100 గ్రాములకు 60 దాకా ఉంటుంది. కానీ ఇంటిల్లిపాదికి నిమ్మకాయంత నానబెడితే మీ వాటాకు వచ్చేది రెండు మూడు గ్రాములు. దానికి భయపడొద్దు, పులుసులో వేసే బెల్లం ఆపండి చాలు. పుల్లగా కావాలంటే పుంటికూర ఉంది, ఎండాకాలం మొదట్లో చింతచిగురు ఉంది. చింతచిగురు మటన్ తినేవాళ్లకు డైట్ చేస్తున్నామన్న సంగతే గుర్తుండదు.

పప్పు పూర్తిగా వదలకండి. కందిపప్పు 100 గ్రాముల్లో పిండి పదార్థం యాభై పైనే ఉన్నా, మనిషికి పడే గుప్పెడు పప్పులో 15 లోపే. దాంతోపాటు ప్రొటీన్ వస్తుంది. పాలకూర పప్పులో ఆకు రెండింతలు, పప్పు సగం వేయండి. పెరుగులో కప్పుకు 8 నుంచి 10 గ్రాములు. పెరుగన్నం మీద మనసు పోతే కీరదోస తురిమి, నీళ్లు పిండేసి, గట్టి పెరుగులో కలిపి పోపు పెట్టుకోండి. టీలో చక్కెర తీసేస్తే పాల నుంచి వచ్చే పిండి పదార్థం కొంచెమే.

పొద్దున మాత్రం కడుపు ఖాళీగా పెట్టి గోళీ వేసుకోవద్దు. డాక్టరు గోళీ డోసు చూశాక రెండు మూడు గుడ్లు, ఉల్లికాడలు, కొంచెం టమాట వేసి పొరుటు చేసుకోండి. గుడ్డు పడని రోజు ఒక చిన్న పెసరట్టు, దాని మీద పనీర్ తురుము, అల్లం చట్నీ బదులు పల్లి చట్నీ. అల్లం చట్నీలో బెల్లం ఉంటుంది కదా. ఇంటర్వెల్‌లో ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు. ఆదివారం చేపలో చికెనో మటనో ఏదైనా సరే, వేటిలోనూ పిండి పదార్థం లేనట్టే లెక్క. మన చెరువుల రవ్వ, బొచ్చె, కొర్రమీను ఉండగా బయటి నుంచి తెప్పించుకునే ఖరీదైన చేపల గురించి ఆలోచించొద్దు. బజార్లో "డయాబెటిక్ ఆటా", "షుగర్ ఫ్రీ బిస్కెట్లు" అని కనిపిస్తే డబ్బా వెనక్కి తిప్పి కార్బోహైడ్రేట్ ఎంతో చదవండి. ఎక్కువసార్లు మామూలు దానికీ దానికీ ధరలోనే తేడా ఉంటుంది.

ఇప్పుడు సర్వపిండి. బాదం పిండి అవసరం లేదు, పల్లీలతో చేద్దాం. సర్వపిండిలో మనకు నచ్చేది బియ్యప్పిండి రుచి కాదని నా వాదన. నువ్వులు, పల్లీలు, కరివేపాకు, ఉల్లికాడలు, వాటిని నూనెలో కాల్చిన అంచు, అదే మనకు నచ్చేది. ఒక కప్పు పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, రవ్వలా ఆడించండి. మిక్సీ ఎక్కువ తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆపి ఆపి తిప్పాలి. రెండు పెద్ద చెంచాల అవిసె గింజల పొడి, ఒక పెద్ద చెంచా ఇసబ్‌గోల్ కలపండి. బియ్యప్పిండి చేసే అతుకు పని ఇవి చేస్తాయి. రెండు చెంచాల నువ్వులు, నానబెట్టిన శనగపప్పు ఒక చెంచా, ఉల్లికాడలు, కరివేపాకు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి. మొదట్లో విడివిడిగా ఉండి భయపెడుతుంది, ఇసబ్‌గోల్ నీళ్లు పీల్చాక చేతికి వస్తుంది. మందపాటి గిన్నెకు నూనె రాసి పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె వదిలి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చండి. పల్లి తొందరగా మాడుతుంది, మామూలు సర్వపిండి కన్నా సెగ తక్కువ ఉండాలి. కాలగానే తీయబోతే విరిగిపోతుంది, గిన్నె చల్లారాక అంచు లేపండి.

అదే రుచి అని చెప్పను. కరకర తక్కువ, కమ్మదనం ఎక్కువ. అదే కరకర కావాలంటే గుప్పెడు బియ్యప్పిండి, 30 గ్రాములు, కలపండి. పిండి మొత్తానికి 24 గ్రాములు పెరుగుతుంది, అందులో సగం తింటే 12. కప్పున్నర బియ్యప్పిండితో చేసే మామూలు దాంట్లో 150 దాటుతుంది కాబట్టి ఇది చాలా నయం. కానీ పల్లీల్లో 100 గ్రాములకు 560 కేలరీలకు పైగా ఉంటాయి. పిండి పదార్థం తక్కువే కదా అని గిన్నె ఖాళీ చేస్తే బరువు తగ్గదు. సగం చాలు, మిగతా సగం ఇంట్లోవాళ్లు వద్దన్నా తినేస్తారు.

సకినాలకు మాత్రం మారు లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, అంతే కదా, అందులోంచి బియ్యప్పిండి తీసేస్తే ఏం మిగులుతుంది? సంక్రాంతికి రెండు సకినాలు తిని, ఆ పూట రొట్టె మానేయండి. బతుకమ్మ మలీద ముద్ద, మేడారం నుంచి వచ్చే బంగారం ముక్క కూడా అంతే. అమ్మవారి బెల్లం నోట్లో చిటికెడు వేసుకుంటే డైట్ చెడదు, ఇంటికొచ్చిన పొట్లమంతా మీరే ఖాళీ చేస్తే చెడుతుంది. దావత్‌లకు భయపడక్కర్లేదు. బగారన్నం రెండు చెంచాలు, మటన్ కూర మీ ఇష్టం, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. ఊళ్లో కల్లు పోస్తే మాత్రం జాగ్రత్త. తీపి కల్లులో చక్కెర ఉంటుంది, పులిసిన కల్లు ఆల్కహాల్. గ్లిమెపిరైడ్ వేసుకున్న కడుపుతో ఆల్కహాల్ తాగితే షుగర్ ఇంకా కిందికి పోతుంది.

మీ అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. అన్నం మానేశాను అనకండి, ఆ మాటే ఆమెను భయపెడుతోంది. పుంటికూర మటన్ వండమని ఆమెనే అడగండి, ఆమె ముందే కూర్చుని కడుపు నిండా తినండి. కోడలు కంచం నిండా తింటుంటే "ఏం తింటలేదు" అని ఏ అత్తా అనలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కొలెస్ట్రాల్ కోసం లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. కిడ్నీలు బాగున్నాయని తెలిస్తేనే మాంసం, గుడ్లు పెంచాలి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చూడాలి. ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, బాగా పెరిగితే నెయ్యి, కొబ్బరి తగ్గించి పల్లినూనె, నువ్వులనూనె, చేపల వైపు జరగాలి. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గానని మీ స్కూలావిడ చెప్పి ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నీళ్లే. తర్వాత నెమ్మదిగా తగ్గుతుంటే డైట్ పనిచేయడం లేదనుకోకండి. మలబద్ధకం వస్తే ఆకుకూర, నీళ్లు పెంచండి. కండరాలు పట్టేస్తే ఉప్పు తగ్గిందని అర్థం కావచ్చు, కానీ మీకు బీపీ ఉంది కాబట్టి సొంతంగా ఉప్పు నీళ్లు తాగకుండా డాక్టర్‌ని అడగండి.

ఇక మీ బిడ్డ. వద్దు. ఎదిగే వయసు, పదో తరగతి చదువు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప పిల్లలకు ఈ తిండి పెట్టకూడదు. ఆ పిల్లకు అన్నం, పప్పు, రొట్టె, పాలు, గుడ్డు అన్నీ పడాలి. బరువు గురించి దిగులు పడుతుంటే ట్యూషన్ నుంచి వచ్చాక తినే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఆపి, మీరు చేసుకున్న సర్వపిండిలో ఒక ముక్క పెట్టండి, సాయంత్రం అరగంట ఆడుకోనివ్వండి. మీ గిన్నె కూరలో చేయి పెడితే పెట్టనివ్వండి, దాని కంచంలో అన్నం మాత్రం తీయకండి.